అరవై రాత్రుల చీకటి

మొత్తానికి మగాళ్ళందరూ వెళ్ళారు. వాచ్‌మన్ సాలెహ్ అందరికంటే వెనక, చంకలో నమాజు చాప, నెత్తిన నల్ల టోపీ, “హస్నీ, గేటు మీద ఓ కన్నేసి ఉంచమ్మా, గంటలో వచ్చేస్తా” అని మెట్ల కింద నుంచే కేకేసి పోయాడు. గేటు మీద కన్నట. హస్నిదార్‌కి ఉన్నవి రెండు కళ్ళు, ఆ రెండింటినీ ఈ గంట కోసం వారం రోజులుగా కాపాడుకొస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం ఈ ఒక్క గంటా ఈ యూనివర్సిటీ భవనంలో ఆడవాళ్ళూ ఎలుకలూ తప్ప ఎవరూ ఉండరు. ఇవాళ ఆడవాళ్ళు కూడా లేరు. పెద్ద మేడమ్ మార్దియానా జకార్తా మీటింగుకి వెళ్ళింది, గుమాస్తా అమ్మాయి పిల్లాణ్ణి బడి నుంచి తెచ్చుకోవడానికి వెళ్ళింది. పిల్లాణ్ణి. అందరికీ పిల్లలు, అందరికీ బడి గంటలు, ఒక్కరూ ఆమెను అడగరు నువ్వెందుకు ఇక్కడే ఉంటావు అని, ఎందుకంటే అందరికీ తెలుసు. రెండో అంతస్తులో ఎలుకల గదుల పక్కనున్న లేబొరేటరీ తాళం తీసి లోపలికెళ్ళి గడియ పెట్టింది. చేతిలో మొగుడు ఇచ్చిన ఫ్లాస్కు. గేటు దగ్గర ఇచ్చాడు, మొహం చూడకుండా, దొంగసొత్తు చేతులు మార్చినట్టు, ఇచ్చి తెల్ల చొక్కా సర్దుకుంటూ మసీదు వైపు గబగబా నడిచాడు. ఆరేళ్ళు అడిగితే ఇవాళ ఇచ్చాడు. సరే, ఇచ్చాడు కదా అనుకుని మూత తిప్పింది.

ఐసు. ఫ్లాస్కు నిండా దంచిన ఐసు. చేపల రేవులో బుట్టల్లో పోస్తారే, అదే ఐసు, ఇంకా కాస్త నెత్తళ్ళ వాసన కూడా వేస్తోంది, దాని నడుమ ఆసుపత్రి డబ్బా, మూత బిగించి, పైన ఉల్లిపొర కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఎంత శ్రద్ధో, పెళ్ళాం కోసం ఏనాడూ పడనంత శ్రద్ధ. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పింది, ఒకటికి నాలుగు సార్లు చెప్పింది, చంకలో పెట్టుకో, ఒంటి వేడి తగలాలి, గంటలోపు నా చేతికి రావాలి అని, వాళ్ళమ్మ వినకుండా గుసగుసగా, బియ్యం చెరుగుతున్న చప్పుడు చాటున. తలూపాడు. ప్రతిదానికీ తలూపుతాడు. తలూపి తనకి తెలిసింది చేస్తాడు. పన్నెండో ఏట నుంచీ సముద్రం మీద ఉన్న మనిషికి తెలిసింది ఒక్కటే, చెడిపోకుండా ఒడ్డుకు చేరాల్సింది ఏదైనా ఐసులో పెట్టాలి. చేప అయితే చేప, రొయ్య అయితే రొయ్య, ఇదైతే ఇది. ఓరి నా మొగుడా, ఇది చచ్చిన చేప కాదు, బతికున్నది, బతికుండాల్సింది! గట్టిగా అరవాలనిపించింది, అరిచినా వినేవాళ్ళు లేరు, మసీదు మైకులో ప్రసంగం చెప్పే ఖతీబు గొంతు సర్దుకుంటున్నాడు. డబ్బా తీసి తుడిచి జాకెట్లో రొమ్ముల మధ్య పెట్టుకుంది. చల్లదనం ఎముకల్లోకి దిగింది. వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, వేడెక్కినా లేస్తాయో లేవో, అల్లాకే తెలియాలి.

డబ్బా చల్లగా ఒంటికి ఆనుకుని ఉంది. ఆరేళ్ళలో ఆయన ఒళ్ళు ఇంతసేపు తనకి ఆనుకుని ఉన్న రోజులెన్ని? పున్నమి రోజులే. బగాన్ పడవవాళ్ళ పెళ్ళాలందరి బతుకూ పున్నమి బతుకే. పడవ చుట్టూ చట్టంలా కట్టిన కొయ్యలు, కొయ్యలకి వరసలు వరసలుగా తెల్లటి బల్బులు, కింద నీళ్ళలో పరిచిన వల, దీపాలకు నెత్తళ్ళు వచ్చి మూగుతాయి, పున్నమి వెన్నెల ఉంటే దీపాన్ని అవి లెక్కచెయ్యవు, అందుకని నెలకి అయిదారు రాత్రులు పడవలు ఒడ్డున ఉంటాయి, మొగుళ్ళు ఇంట్లో ఉంటారు. మిగతా రాత్రులన్నీ ఆయన నీళ్ళ మీద. తెల్లారి వచ్చి రేకుల కప్పు కింద పడి నిద్రపోయే వేళకి తను ఇక్కడ ఎలుకల బోన్లు కడుగుతూ ఉంటుంది. ఆ అయిదారు రాత్రులకీ తన ఒంటి లెక్కకీ పొత్తు కుదరాలి. కుదిరిన నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అత్త కనంగ్, మర్యాదకి అందరూ డాయెంగ్ కనంగ్ అంటారు, అరుగు మీద కూర్చుని చంద్రుణ్ణి చూస్తూ, “ఈ నెలన్నా నీళ్ళు పోసుకుంటావా, లేక మళ్ళీ ఎండబెట్టేస్తావా?” అంటుంది, వక్క కొరుకుతూ, పొరుగింటావిడ వినేట్టు. ఎండబెట్టేది తనట. వీళ్ళకి అన్నీ చేపల మాటలే. పెళ్ళయిన కొత్తలో ఆయన పున్నమి రాత్రి చేయి పట్టుకుని రేవు దాకా తీసుకెళ్ళి, ఒడ్డున ఆగి ఉన్న పడవని చూపించి, “అదిగో ఆ దీపాలన్నీ నా చేతిలోవే” అన్నాడు గర్వంగా. నిజమే, పడవలో ఆయన పని దీపాలది. తెల్లవారుజామున ఒక్కో వరసా ఆర్పుకుంటూ రావాలి, చేపలన్నీ నడుమ ఉన్న ఒక్క దీపం కిందికి జరగాలి, అప్పుడు వల లేపాలి. ఆ పని ఆయనంత ఒడుపుగా ఆ రేవులో ఎవరూ చెయ్యరట. వాళ్ళ నాన్న నాటికి నాలుగు గ్యాసు లాంతర్లు, ఇప్పుడు బల్బుల లెక్క ఓనరుకే తెలియదు, పక్క పడవ పది పెంచితే ఈ ఓనరు ఇరవై పెంచుతాడు. ఆ వెలుతురులో సాయంత్రం నుంచి పొద్దుటి దాకా పద్దెనిమిదేళ్ళు. పగలు నిద్ర, రాత్రి పగలు. ఒక్కడూ అనలేదు ఆ మనిషికి చీకటి కావాలని.

ఎలుకకి కావాలి. ఎలుకకి చీకటి కావాలని కాగితాలు రాసి, సంతకాలు పెట్టి, రెండు పొరల నల్ల తెరలు కుట్టించి, తలుపు సందుల్లో రబ్బరు పట్టీలు అతికించి, ఠంచనుగా ఆర్పడానికీ వెలిగించడానికీ గోడకి గడియారం బిగించారు. ఆ తెరలు సరిగా పడ్డాయా లేదా అని రోజూ చూసేది తనే. నాలుగు గదులు. ఒకదాంట్లో మామూలు ఎలుకలు, మామూలు రాత్రి. రెండోదాంట్లో మామూలు ఎలుకలు, రాత్రంతా తెల్ల దీపం. మూడోదాంట్లో దిగులు పెట్టిన ఎలుకలు, మామూలు రాత్రి. నాలుగోదాంట్లో దిగులు పెట్టిన ఎలుకలు, రాత్రంతా తెల్ల దీపం. అన్నీ మగవే, రాత్రి దీపమూ దిగులూ వాటి వీర్యాన్ని ఏం చేస్తాయో చూడటానికి. మగవాటికి దిగులు ఎలా పెడతారని మొదట్లో అడిగితే మార్దియానా మేడమ్ నవ్వింది. “వెతుక్కోనక్కర్లేదు హస్నీ, బోను కాస్త వాల్చి పెట్టు, కింద పరిచిన పొట్టు తడిపెయ్యి, తోడున్న ఎలుకని తీసెయ్యి, ఎప్పుడు ఏం జరుగుతుందో దానికి తెలియకుండా చెయ్యి, చాలు.” చేసింది. తన చేతులతోనే చేసింది. తడి పొట్టులో మూల నక్కి కూర్చున్న ఎలుకని చూసి, నన్ను తిట్టుకోకురా నాయనా, నేను కూలిదాన్ని అనుకుంది. దిగులు పట్టిందో లేదో చూడటానికి రెండు సీసాలు పెడతారు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో పంచదార నీళ్ళు. బాగున్న ఎలుక పంచదార సీసా వదలదు. దిగులు పట్టినదానికి ఏ సీసా అయినా ఒకటే. ఆ రోజు సీసాల్లో నీళ్ళ మట్టం చూసి పుస్తకంలో రాసుకుంటూ రాసుకుంటూ ఆమె చేయి ఆగిపోయింది. ఇంట్లో పంచదార నిండుకుని వారమైంది, తెద్దాం తెద్దాం అని మరిచిపోయింది, వారం రోజులుగా మొగుడికి చేదు కాఫీయే పోస్తోంది, గ్లాసుకి నాలుగు చెంచాలు వేసుకునే మనిషి, నోరు మెదపకుండా తాగేసి గ్లాసు కడిగి బోర్లిస్తున్నాడు. నాలుగో గది ఎలుక ఇంట్లోనే ఉందని ఆ క్షణాన తెలిసింది, ఆ వెంటనే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం, అందరి మీదా.

రెండేళ్ళ కింద రుస్లి పోయిన రోజు నుంచి అంతే. ఆయన తమ్ముడు రుస్లి, ఇరవై రెండేళ్ళవాడు, వదినా వదినా అని వెంటపడి అరటికాయ బజ్జీలు చేయించుకునేవాడు. అదే పడవ, అదే దీపాలు. వల లేపే ముందు అందరూ కాఫీకి చేరితే ఒక గ్లాసు మిగిలింది. అప్పుడు గానీ తెలియలేదు మనిషి లేడని. ఎప్పుడు జారాడో, అరిచాడో లేదో, జెనరేటరు మోతలో ఎవరికి వినపడుతుంది, ఆ వెలుతురులో ఉన్నవాడికి పడవ అవతల చెయ్యి చాచినంత దూరం కూడా కనపడదు, అంతా తారు పూసినట్టు నలుపు. దీపాల బోర్డు దగ్గర నిలబడి ఉన్నది అన్నే. దీపాలు ఆయన చేతిలోవే. అప్పటి నుంచీ ఆయన ఆ మాట అనడు, ఏ మాటా అనడు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఓనరు వచ్చి ఒక కవరు ఇచ్చి, ఎప్పుడొస్తావు దీపాల పనికి, నువ్వు లేక వల సగమే పడుతోందన్నాడు. మర్నాడే వెళ్ళాడు. ఏడవలేదు. ఏడిస్తే పరువు పోతుంది, నిద్ర పట్టట్లేదంటే పరువు పోతుంది, డాక్టరు దగ్గరికెళ్తే పరువు, డబ్బాలో పడితే పరువు. వీళ్ళ పరువులన్నీ మోసి మోసి తన నడుం విరిగింది. తడి పొట్టు, వాల్చిన బోను, తీసేసిన తోడు, రాత్రంతా తెల్ల దీపం. యూనివర్సిటీవాళ్ళు ఇంత కష్టపడి నాలుగో గది కట్టారు, రేవుకెళ్తే ప్రతి పడవా నాలుగో గదే, ఉత్తపుణ్యానికి దొరికేది. ఒకసారి ఆ మాట అనేసింది కూడా, ఆగలేక. మార్దియానా మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “ఎలుక ఎలుకే, మనిషి మనిషే హస్నీ. ఎలుక రాత్రి తిరిగే జంతువు. ఇక్కడ తేలింది మనుషులకి అంటగట్టేస్తే నా డిగ్రీ లాక్కుంటారు” అంది, మంచిగానే అంది. “మరి మనుషుల్ని ఎప్పుడు చూస్తారు మేడమ్?” “దానికి వేరే అనుమతులు కావాలి.” అనుమతులు! ఎలుకని దిగులు పెట్టడానికి అనుమతి తెచ్చుకున్నారు. బగాన్ ఓనరు ఏ అనుమతి తెచ్చుకున్నాడు?

తనని చూడటానికి మాత్రం ఎవరికీ అనుమతి అక్కర్లేదు. ఆరేళ్ళలో ఎవరు చూడలేదు? వీధి చివర మంత్రసాని కడుపు నలిపింది, పసరు తాగించింది, కాళ్ళు గోడకి ఆనించి పడుకోమంది, గుమ్మానికి అడ్డంగా కూర్చుంటావా అని తిట్టింది. ఆసుపత్రిలో గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు, ఆ నొప్పికి ఇనప మంచం కమ్మీ పట్టుకుంటే గోళ్ళు విరిగాయి, నర్సు “ఇంతకే అరిస్తే కానుపుకేం చేస్తావు?” అంది. గొట్టాలు రెండూ బాగున్నాయి, అండం నెలనెలా వస్తోంది, గర్భసంచి అద్దంలా ఉంది, కాగితం మీద రాసిచ్చారు, కాగితం తెచ్చి అత్త ముందు పెడితే ఆవిడ చదవడం రాదంటూనే పక్కకి తోసి, “మా వంశంలో మగాళ్ళకి లోటు లేదు. మా మామగారికి తొమ్మండుగురు” అంది. ఇక తేలాల్సింది మీవారి సంగతేనని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇంట్లో అన్న రోజున ఆవిడ చాట నేలకేసి కొట్టింది. మొగుడు లేచి బయటికెళ్ళి పడవ తాళ్ళు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. అవుననడు, కాదనడు. ఇప్పుడు మారోస్‌లో ఎవరో దూరపు చుట్టాల పిల్ల ఉందట, మొగుడు వదిలేసినది, ఒక పిల్లని కన్నది, అంటే రుజువైన చెట్టన్నమాట. రేపు అత్త బట్టలూ మిఠాయిలూ తీసుకుని కొడుక్కి రెండో పెళ్ళి అడగడానికి వెళ్తోంది. “నిన్నేమీ వెళ్ళిపొమ్మనట్లేదు కదా, నువ్వూ ఉండు, ఓ మూల” అంది. ఓ మూల. తడి పొట్టులో. ఆ రాత్రి హస్నిదార్ మొగుడి పక్కన కూర్చుని తేల్చి చెప్పింది: మారోస్ వెళ్ళే ముందు ఈ డబ్బా. డబ్బా ఇవ్వకపోతే నేను శనివారం పొద్దున్నే పక్క జిల్లా గోవాలో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతా, మళ్ళీ రాను, తలాక్ కాగితం పోస్టులో పంపించండి. ఆయన కప్పు రేకుల వైపు చూసి, తలూపాడు.

డబ్బా ఒంటి వేడికి వచ్చింది. మైకులో ఖుత్బా ప్రసంగం సగంలో ఉంది, ఓర్పు గురించి చెబుతున్నాడు, ఎవరికి చెబుతున్నాడో. ఆమె సన్నగొట్టంతో ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎలుకల వీర్యకణాలు వెయ్యిసార్లు చూసింది, కొడవలి తలలు, పొడుగాటి తోకలు, చూసీ చూసీ విసుగొచ్చింది. ఇదే మొదటిసారి మనిషిది, అదీ మొగుడిది. కన్ను ఆనించేముందు బిస్మిల్లా అనుకుంది, అనుకుని ఇలాంటి పనికి అనొచ్చో లేదో అనుకుంది, అనేసింది. ఏమీ కదలడం లేదు. బూడిద రంగు మైదానం, చెత్తా చెదారం, అక్కడొకటి గుండ్రటి తలతో, తోక చుట్టుకుపోయి, రాయిలా. పక్కకి జరిపింది. ఇంకొకటి. అదీ కదలదు. చచ్చాయి. ఐసు చంపేసింది. ఆ మనిషే చంపేశాడు, ఆరేళ్ళు ఆగి, సిగ్గు చంపుకుని, స్నానానికని అమ్మకి అబద్ధం చెప్పి, తలుపేసుకుని తెచ్చిన వాటిని తన చేతుల్తో చంపి తెచ్చాడు. ఆమె స్టూలు మీద వెనక్కి వాలి రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. ఇంకేం తేలుతుంది! ఐసువల్ల చచ్చాయో ముందే చచ్చి ఉన్నాయో ఎవరు చెప్పగలరు, అత్తకి మళ్ళీ ఒక సాకు, చూశావా, అక్కడ ఏమీ లేకపోతే ఐసు వల్లే, మావాడు నిక్షేపంలా ఉన్నాడు అంటుంది. తను రేపు గోవా బస్సెక్కాలి, లేదా ఓ మూల కూర్చోవాలి. నాశనమైపోను ఈ ఐసు, ఈ రేవు, ఈ తలూపే మనిషి.

ఆ తర్వాత నెమ్మదిగా, తిట్టుకుంటూనే, చేతులు వాటంతటవి గళ్ళ గాజుపలక వెతికాయి. చేతులకి పని తెలుసు. ఎలుకలవి చంపిన తర్వాతే కదా లెక్కపెట్టేది, లెక్కకి ప్రాణంతో పనేముంది? చలి ప్రాణం తీస్తుంది, మనిషిని మాయం చెయ్యదు. ఉన్నవి ఉన్నచోటే పడి ఉంటాయి, శవాలై అయినా సరే. మందు కలిపింది, ఇరవై పాళ్ళు, గొట్టం కుదిపింది, గళ్ళ మీద సన్నటి గాజు ముక్క కప్పి, పక్క నుంచి వదిలింది. అవి కిందికి దిగేదాకా అయిదు నిమిషాలు ఆగాలి. ఆ అయిదు నిమిషాలూ ఖతీబు ఓర్పు గురించి చెబుతూనే ఉన్నాడు. అయిదు గళ్ళు చూడాలి, నాలుగు మూలలూ నడుమా. మార్దియానా మేడమ్ ఒకసారి మాటల్లో చెప్పింది, మనుషులవైతే ఈ అయిదు గళ్ళలో పదిహేను కనపడితే చాలు, బాగున్నవాడికి యాభై అరవై ఉంటాయి అని. మొదటి గడి, ఖాళీ. రెండో గడి, ఒకటి. మూడోది ఖాళీ. నాలుగు, ఒకటి, గీత మీద ఒకటి, పై గీత కాబట్టి లెక్కలోకొస్తుంది. అయిదు, ఖాళీ. మూడు. తప్పు చేశాననుకుంది. పలక కడిగి ఆరబెట్టి మళ్ళీ మొదట్నుంచి. రెండు. మళ్ళీ. నాలుగు. ఎలుకల పుస్తకం లోంచి ఒక కాగితం చించి రాసింది, మూడు, రెండు, నాలుగు. కింద పేరు రాయబోయి ఆగింది, ఎలుకలకి నంబర్లే రాస్తారు.

దొరికింది. ఆరేళ్ళుగా వెతుకుతున్నది కాగితం ముక్క మీద దొరికింది. తన లోపం కాదు. అత్త మొహాన కొట్టొచ్చు, పొరుగింటావిడ మొహాన, గోళ్ళు విరిగిన రోజున దెప్పిన నర్సు మొహాన. ఎన్ని రాత్రులు ఈ క్షణాన్ని తలుచుకుంది, అరుగు మీద నిలబడి వీధి వీధంతా వినేట్టు చదవాలనుకుంది. తీరా చేతికొచ్చాక సంతోషం ఏది? కోపమే, ఇంకా ఎక్కువైన కోపం. మూడు, రెండు, నాలుగు. దీపాలు ఆయన చేతిలోవి అన్నాడు గర్వంగా. ఆ దీపాలే తిన్నాయో, తమ్ముడి దిగులే తిన్నదో, పుట్టుకతోనే ఇంతో, ఎవరు తేలుస్తారు, తేల్చడానికి అనుమతులు కావాలి. ఒక్కటి మాత్రం తన కళ్ళతో చూసింది. నాలుగో గది ఎలుకల్లో సగాన్ని మొన్న బుధవారం కోసేముందు అరవై రాత్రులు తెర వేసి చీకట్లో ఉంచారు, పొడి పొట్టు వేశారు, తోడు ఇచ్చారు. వాటి లెక్క లేచింది. మొదటి గది దాకా కాదు, కానీ లేచింది, ముప్పై ఉన్నది ఎనభైకి వచ్చింది, లెక్కపెట్టింది తనే. ఎలుక ఎలుకే, మనిషి మనిషే, సరే. కానీ ఒక్కసారి, ఒక్క మనిషికి, ఎవడైనా అరవై రాత్రులు చీకటి ఇచ్చి చూశాడా? నమాజు అయిపోయింది, మైకు ఆగింది, కింద రోడ్డు మీద చెప్పుల చప్పుడూ మోటారు సైకిళ్ళ చప్పుడూ మొదలయ్యాయి. గాజుపలక కడిగి, ఐసు సింకులో పారబోసి, కాగితం మడిచి పిడికిట్లో పట్టుకుని కిందికి దిగింది.

గేటు బయట నడినెత్తిన ఎండ. మగాళ్ళు తెల్ల చొక్కాల్లో గుంపులు గుంపులుగా వస్తున్నారు, సాలెహ్, మెకానిక్కు కుర్రాళ్ళు, పక్క డిపార్టుమెంటు పెద్దాయన ఇలియాస్. మొగుడు డాయెంగ్ నాబా ఒక పక్కగా బండి దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెని చూడగానే ఆయన ఎదురొచ్చాడు.

“ఐసు సరిపోయిందా?”

“ఐసు మొహం! చంకలో పెట్టుకోమన్నానా లేదా?”

“నమాజుకి వస్తూ చంకలో ఎలా పెట్టుకోను? చెడిపోకూడదని పెట్టాను. చచ్చిపోయాయా?”

“చచ్చిపోయాయి. అయినా లెక్కపెట్టాను.” కాగితం విప్పి చూపించింది. ఆయన దాని వంక చూశాడు. “పదిహేనుండాలి, యాభై అరవై ఉంటే మంచిది. మీవి మూడు. మళ్ళీ చూస్తే రెండు. మళ్ళీ చూస్తే నాలుగు. ఐసు చంపుతుంది గానీ మింగెయ్యదు డాయెంగ్, ఉన్నవే అన్ని.” ఆయన మొహంలో రక్తం లేదు. ఆపుదామనుకుంది, ఆగలేకపోయింది. “అరవై రాత్రులు ఒడ్డున పడుకోవాలి. చీకట్లో, తలుపులేసుకుని. ఆసుపత్రికి రావాలి. ఒంటికీ, ఆ తలకాయలో ఉన్న దానికీ. రుస్లి పేరు నోటితో అనాలి. ఎలుకలకి లెక్క లేచింది. మీకు లేస్తుందని నేను రాసివ్వను, కానీ ఎలుకపాటి అదృష్టమైనా మీకు ఉండొద్దా?”

“అరవై రాత్రులు ఓనరు ఎందుకిస్తాడు?”

“ఇవ్వడు. ఇవ్వకపోతే బల్బులు వాణ్ణే ఆర్పుకోమనండి.”

జేబులో ఫోను మోగింది. అమ్మ. ఆయన ఎత్తాడు, జెనరేటరు మోతకి చెవులు మందగించి ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతాడు, డాయెంగ్ కనంగ్ గొంతు గేటు దాకా ఎగిరింది. “నమాజయిందా? వచ్చేప్పుడు రేపటికి మారోస్ వాళ్ళకి మంచి అరటిపళ్ళు రెండు గెలలు తీసుకురా, మచ్చలున్నవి తేకు.”

“మారోస్ వెళ్ళొద్దమ్మా.”

“ఏమిట్రా?”

“వెళ్ళొద్దు. లోపం దానిది కాదు. నాది. పరీక్ష చేసి చూశారు.”

ఇప్పుడు ఆవిడ అరుస్తుందనుకుంది హస్నిదార్, ఏడుస్తుంది, ఎలుకలు కడిగేదానికేం తెలుసంటుంది. ఆవిడ అరవలేదు. గొంతు తగ్గించింది, బేరం కుదిర్చేటప్పటి గొంతు, తగ్గించినా వినపడే గొంతు. “సరే. సరే నాయనా. ఎవరూ వినట్లేదు కదా? ఇది ఇంట్లోనే ఉండనీ. నలుగురూ దానిదే అనుకుంటున్నారు, అలాగే అనుకోనీ. అదెటూ అలవాటు పడింది. నీకు పరువు పోతే ఎలారా?”

అలవాటు పడింది. హస్నిదార్ పిడికిట్లో కాగితం ఉండలా నలిగింది. ఫోను లాక్కుందామని ఒక అడుగు వేసింది కూడా. మొగుడు ఆమె వంక చూశాడు, రెండేళ్ళలో మొదటిసారి నేరుగా కళ్ళలోకి చూశాడు, చూసి ఫోను మొహానికి దూరంగా, అందరి మధ్యలోకి చాపి పట్టుకుని, పడవ ఈ చివర నుంచి ఆ చివరికి జెనరేటరు మోతలో కేకేసే గొంతుతో అన్నాడు. “లేదమ్మా! వింటున్నారు! గేటు దగ్గర అందరూ ఉన్నారు! పిల్లలు పుట్టకపోవడం నా వల్ల! హస్నిదార్ బాగుంది, దానికేం లేదు, నా వల్ల!”

సాలెహ్ చంకలోంచి నమాజు చాప జారింది. ఇలియాస్ పెద్దాయన తన చెప్పుల్లోకి తల వంచి చూసుకున్నాడు. మెకానిక్కు కుర్రాడొకడు బండి కిక్కు కొట్టబోయి కాలు అలాగే ఆపాడు. ఫోనులో ఆవిడ “ఓరి నీ నోరు పడిపోను” అని మొదలెట్టింది, ఆయన కట్ చేశాడు. హస్నిదార్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం మాత్రం ఇంకా పోలేదు.

“అంత అరవాలా డాయెంగ్? యూనివర్సిటీ అంతా వినపడింది.”

“వినపడనీ,” అన్నాడు.